పూతరేకుల మీద నా వ్యాసం

మద్రాసులో గుమాస్తాగా ఉంటూ మా గోదావరి సీమ గురించి ఒక మాసపత్రికకు వ్యాసాలు రాసేవాణ్ణి. ఒకసారి సెలవులో అమలాపురం వెళ్లే కాలువ పడవ ఎక్కాను. ఎదురుగా కూర్చున్న ఆత్రేయపురం రైతు ఒకాయన ఆ పత్రికే తీసి, పూతరేకుల మీద నేను రాసిన వ్యాసం భార్యకు చదివి వినిపించసాగాడు. నేను ఏమీ ఎరగనట్టు కాలువ గట్టు చూస్తూ చెవి అటే వేశాను.

"కాగిన కుండ లోపల పిండి పూసి రేకు తీస్తారు" అని ఆయన చదవగానే ఆ పెద్దావిడ ఆపింది.

"లోపల పూస్తే చెయ్యి కాలదాండీ? కుండ బోర్లించి పైన కదా తీస్తాం. ఈ రాసినాయన తిన్నాడే గాని చూళ్లేదు."

"పోనీలే, ఎవరో అరవాయన రాసుంటాడు" అన్నాడు రైతు.

ఆ మాట పడలేకపోయాను. "కాదండి, రాజమండ్రి వాడే" అన్నాను.

"మీకెలా తెలుసండి?"

ఇక చెప్పక తప్పలేదు.

ఆవిడ నవ్వలేదు. తమతోపాటు నన్నూ ఆత్రేయపురంలో దింపి, పెరట్లో పొయ్యి ముందు కూర్చోబెట్టింది. పలచటి పిండిలో ముంచిన గుడ్డను ఆవిడ కుండ మీద లాగితే రేకు పొరలా లేచింది. నేను తీసినవన్నీ చిరిగాయి, రెండు వేళ్లు కాలాయి.

"తప్పు దిద్ది మళ్లీ రాస్తారాండి?" అంది.

"రాస్తానండి."

"వేళ్లు కాలిన సంగతి కూడా రాయండి. అప్పుడు మా ఊళ్లో నమ్ముతారు."

ఉన్నదున్నట్టు రాసి పంపాను. వేళ్లు కాలిన సంగతొక్కటే కల్పించినట్టుందని సంపాదకుడు ఆ ముక్క కొట్టేశాడు.