నాన్న వెనక్కి తీసుకోలేకపోయిన మాట

మా నాన్న రేపల్లె దగ్గర ఒక పల్లెలో లూథరన్ గుడికి ఉపదేశిగా ఉండేవారు. పాస్టరుగారు నెలకోసారి వచ్చి రొట్టె, ద్రాక్షరసం సంస్కారం ఇచ్చి వెళ్ళిపోయేవారు. మిగిలిన రోజుల్లో ప్రార్థనలు నడిపేదీ, పిల్లలకు వాక్యం నేర్పేదీ, చనిపోయినవాళ్ళను సాగనంపేదీ నాన్నే. ఊళ్ళో ఎవరైనా పోతే పెద్దవీధిలో తలరాత అనేవాళ్ళు. మా పేటలో నాన్న దేవుని చిత్తం అనేవారు. ముసలివాళ్ళు పోయినా, పురిటిలో బిడ్డ పోయినా సమాధి దగ్గర ఆయన నోట వచ్చే మాట అదే. ఆ మాట అనేటప్పుడు ఆయన గొంతు ఎప్పుడూ తడబడలేదు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, 1984 నాట్ల కాలంలో, మా పేటలో ఒకామె ఐదేళ్ళ కూతుర్ని కాలవ గట్టు మీద కూర్చోబెట్టి చేలో దిగింది. నాట్ల కూలీల ముఠా వరస ముగించుకుని గట్టెక్కేసరికి పిల్ల లేదు. సాయంత్రం లాకుల దగ్గర దొరికింది. ఆమె ఏడవలేదు. మర్నాడు పొద్దున్నే వచ్చి మా అరుగు కింద కూర్చుంది. అమ్మ కాఫీ ఇస్తే పక్కన పెట్టుకుంది. నాన్న బయటికి రాగానే అడిగింది.

"అయ్యగారండీ, నేను ఆ పూట నాట్లకి పోకుండా ఉంటే నా పిల్ల బతికుండేది కాదాండీ?"

నాన్న ఆమెకు ఎదురుగా నేల మీదే కూర్చున్నారు.

"లేదమ్మా. నువ్వు ఇంటికాడున్నా ఆ గడియ తప్పేది కాదు. దేవుడు ముందే నిర్ణయించుకున్నాడు. ఇందులో నీ తప్పేం లేదు."

ఆమె చాలాసేపు ఆయన మొహంలోకి చూసింది. తర్వాత ఆ చల్లారిన కాఫీ తాగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఏడుపు వచ్చినందుకు అమ్మ స్థిమితపడింది.

మా అక్క అప్పుడు ఇంటర్ చదువుతోంది. ఏ మాటనూ ఊరికే వదలని మనిషి. ఆ రోజు అన్నాల దగ్గర నాన్నను పట్టుకుంది. దేవుడు ముందే నిర్ణయించాడంటే, ఆ పిల్లను కాలవలోకి తోసింది దేవుడేనా అని అడిగింది. మన ఆత్మకు రక్షణ మన మంచితనం వల్ల రాదని, అంతా ఆయన కృపేనని, చావు పుట్టుకలూ అలాగే ఆయన చేతిలో ఉంటాయని నాన్న చెప్పారు. మరి నేను లెక్కలు తప్పితే తిడతావెందుకు, అదీ నిర్ణయమే కదా అంది అక్క. అమ్మకు నవ్వొచ్చింది. నాన్న నవ్వలేదు గానీ కోప్పడలేదు. మనిషి చేసే తప్పులు మనిషివేనమ్మా అన్నారు. అయితే గీత ఎక్కడ గీస్తావని అక్క అడిగింది. నాన్న పప్పు గిన్నె దగ్గరికి లాక్కున్నారు.

రెండేళ్ళ తర్వాత అక్కకు నర్సు ట్రైనింగుకి తెనాలిలో ఇంటర్వ్యూ వచ్చింది. అప్పటికి దానికి పంతొమ్మిదేళ్ళు. ఇంటర్వ్యూకి ఐదు రోజుల ముందు, పెరట్లో మొహం కడుక్కుంటుంటే దాని కళ్ళు పచ్చగా ఉండడం నేను చూశాను. అక్క నా చెయ్యి పట్టుకుంది.

"నాన్నకి చెప్పకే. తెలిస్తే పంపరు. ఇంటర్వ్యూ అయ్యాక నేనే చెప్తా."

నేను చెప్పలేదు. మంచి పని చేస్తున్నాననుకున్నాను. ఆ ఐదు రోజులూ అది అన్నం సగమే తిని మిగిలింది నా కంచంలోకి తోసేది. నేను తినేసేదాన్ని.

ఇంటర్వ్యూ నుంచి వచ్చిన మర్నాడు అక్క మంచం దిగలేకపోయింది. పచ్చకామెర్లని ఇంట్లో అందరికీ తెలిసింది. మా ప్రాంతంలో కామెర్లకు పసరు మందు పోయించడం మామూలు. నాన్న సైకిలు మీద పక్కూరు వెళ్ళి మందు తెచ్చారు. అమ్మ మజ్జిగన్నం తప్ప ఏమీ పెట్టలేదు. గురువారం అక్క, తెనాలి పోదామా నాన్నా అని అడిగింది. ఆ ఆదివారం గుడిలో కోత పండుగ. చుట్టుపక్కల మూడు పల్లెల నుంచి జనం రావాలి, పాటలూ పందిరీ అన్నీ నాన్న మీదే ఉన్నాయి.

"ఆదివారం పండగ అవగానే పోదాంరా తల్లీ. దేవుడి చేతిలో ఉన్నావు, నీకేం కాదు" అన్నారు.

సోమవారం పొద్దున్న ప్యాసింజరు బండిలో తెనాలి తీసుకెళ్ళాం. అప్పటికే అక్క మాటలు పొంతన లేకుండా ఉన్నాయి. వేమూరు స్టేషన్లో నన్ను చూసి, ఎవరమ్మా నువ్వు అంది. ఆస్పత్రిలో డాక్టరుగారు చూసి, కాలేయం పాడైపోయిందని, నాలుగైదు రోజుల ముందు వస్తే ప్రయత్నం చేసి చూసేవాళ్ళమని నెమ్మదిగా చెప్పారు. నాన్న గోడకు ఆనుకుని నిలబడిపోయారు.

పక్క మంచం మీద ఒక సాయిబుగారి భార్య ఉండేది. ఆయన తెనాలి బజారులో బట్టలు కుట్టేవాడట. నాన్నకు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది ఆయనే. మీలో కూడా అంతా ముందే రాసి ఉంటుందంటారు కదా అని నాన్న ఆయన్ను అడిగారు. తోటి మనిషిని అడిగినట్టు కాదు, పాఠం చెప్పించుకునేవాడిలా అడిగారు.

"రాసే ఉంటుందండి. కానీ రాసిందేంటో మనకి చూపించలేదు కదండీ. అందుకే పరిగెత్తాలి. ఆ తర్వాత ఏది జరిగితే అది" అన్నాడాయన.

నాన్న తల దించుకున్నారు. బుధవారం మధ్యాహ్నం అక్క పోయింది.

సమాధి దగ్గర పాస్టరుగారు దేవుని చిత్తమని అనబోయారు. నాన్న ఆయన మోచేతి మీద చెయ్యి వేసి ఆపారు.

"ఆ మాట వద్దండి అయ్యగారూ. ఆదివారం దాకా ఆగమన్నది నేను. దేవుడు కాదు."

ట్రైనింగుకి రమ్మని కాగితం పది రోజుల తర్వాత వచ్చింది. అమ్మ దాన్ని బైబిల్లో పెట్టింది.

ఆ తర్వాత నాన్న ఎవరి సమాధి దగ్గరా ఆ మాట పలకలేదు. కీర్తన చదివి, ప్రార్థన చేసి, మట్టి వేసి వచ్చేసేవారు. అయ్యగారు మారిపోయారని జనం అనుకున్నారు. మరుసటి ఏడాది ఆయన్ను బాపట్ల వైపు గుడికి మార్చారు. నేను బాపట్లలోనే చదువు ముగించుకుని చిన్న బడిలో టీచరుగా చేరాను. 1992లో ఒకరోజు నాన్న, పాత ఊరు పోయొద్దాం వస్తావా అని అడిగారు. ఎందుకని నేనడగలేదు. తెనాలిలో బండి మారి రేపల్లె వెళ్ళాం. అక్కణ్నుంచి బస్సు.

ఆయన నేరుగా కాలవలో కూతుర్ని పోగొట్టుకున్న ఆమె ఇంటికి వెళ్ళారు. ఆమె నులకమంచం వాల్చి కూర్చోమంది. నాన్న నిలబడే చెప్పారు. ఆ గడియ తప్పేది కాదని ఆ రోజు నేను చెప్పింది నాకు తెలిసి చెప్పింది కాదమ్మా, దేవుడి మనసులో ఏముందో నాకెలా తెలుస్తుంది, తెలిసినట్టు చెప్పాను, నా బిడ్డ పోయాక గానీ నాకు అర్థం కాలేదు, నన్ను క్షమించు అన్నారు.

ఆమె మొహం పాలిపోయింది.

"వద్దండీ" అంది. "ఆ మాట పట్టుకునే ఎనిమిదేళ్ళు బతికానండి. రోజూ ఆ కాలవ దాటుకునే పనికి పోతున్నా. ఇప్పుడొచ్చి అది తీసుకుపోతే నేనేం పెట్టుకోవాలండీ? మీరన్నది నిజమేనని చెప్పి వెళ్ళండి."

ఆమె ఎదురుచూస్తోంది. నాన్న అవునన్నట్టు తల ఊపారు. ఊపి, గుమ్మం దాటి బయటికి వచ్చేశారు.

తిరుగు బండిలో పెట్టెలో జనం పెద్దగా లేరు. నాన్న కిటికీ వైపు కూర్చున్నారు. ఆరేళ్ళుగా నా గొంతులో ఉన్నది అప్పుడు చెప్పాను. అక్క కళ్ళు పచ్చబడడం ఇంటర్వ్యూకి ఐదు రోజుల ముందే చూశానని, దాచమంటే దాచానని చెప్పాను.

ఆయన నన్ను చూడలేదు. "ఐదు రోజులా?" అన్నారు.

అవునన్నాను. ఆ గడియ తప్పేది కాదు, నీ తప్పేం లేదన్న ఆ ఒక్క మాట నాకూ చెబుతారేమోనని ఎదురుచూశాను. నమ్మినా నమ్మకపోయినా పుచ్చుకునేదాన్ని. ఆయన ఆ మాట అనలేదు. కాసేపటికి చెయ్యి చాచి నా చెయ్యి పట్టుకున్నారు.

"మీ అమ్మకి మాత్రం చెప్పకమ్మా" అన్నారు.

నాన్న తొంభై ఏడులో పోయారు. అమ్మ నా దగ్గరే ఉంటుంది. అక్క సంగతి ఎవరైనా అడిగితే, పంతొమ్మిదేళ్ళకే దేవుడు పిలుచుకున్నాడు, అంతే రాసుందని చెబుతుంది. అవునా అన్నట్టు నా వైపు చూస్తుంది. అవునమ్మా అంటాను.