జరీనాబీ చెప్పిన కట్టు

జగిత్యాల నుంచి వచ్చిన సంఘం నాయకుడు కోరుట్లలో బీడీలు చుట్టే ఆడవాళ్లకు ఐక్యత గురించి చాలాసేపు చెప్పాడు. అందరూ తలలూపారు. ఆయన వెళ్లిపోయాక మల్లవ్వ, పక్కనున్న జరీనాబీని మెల్లగా ఆ మాటకు అర్థమేమిటని అడిగింది.

"అందరం ఒక్క కట్టు మీదుండుడే అక్కా," అంది జరీనాబీ.

ఇంట్లో ఐక్యతను ఇత్తెహాద్ అంటుంటే వింటూ పెరిగిన మనిషి ఆమె. ఆ వాడకట్టు ఆడవాళ్ల మధ్య కూర్చుని ఏళ్ల తరబడి బీడీలు చుట్టేసరికి, కట్టు అనే మాటే నోటికి దగ్గరైంది. మల్లవ్వకు ఆ మాట చెప్పినప్పటి నుంచి ఏ తగువొచ్చినా ఆమెనే ముందు నిలబెట్టేవాళ్లు. ఆమెకు ఓపిక ఉందో లేదో ఎవరూ అడగలేదు.

మొన్నటి వానాకాలంలో బీడీలు తీసుకునే టేకేదారు, బాగాలేవంటూ ప్రతి చాటలో సగం కూలి కట్టివ్వకుండా తీసిపారేయసాగాడు. అది మానేదాకా ఎవరూ కార్ఖానాకు పోవద్దనుకున్నారు. వారం తిరగకముందే రాజవ్వ కొంగుచాటున బీడీలు తీసుకుపోయి ఇచ్చి వచ్చింది. విషయం పొక్కింది. ఇకమీద ఆమెతో ఎవరూ మాట్లాడొద్దన్నారు. ఆ సంగతి చెప్పి రమ్మని జరీనాబీనే పంపారు.

వెళ్లేసరికి రాజవ్వ మనవరాలు చాపమీద జ్వరంతో మూలుగుతోంది. జరీనాబీ నడుం పట్టుకుని గడపమీద కూలబడింది. 

"మందులకు పైసల్లేవని నాకన్న చెప్పకపోతివి," అంది.

"నీకే చెప్ప మొఖం లేకుండె," అంది రాజవ్వ.

ఇద్దరూ పిల్లను ఆటోలో సర్కారు దవాఖానకు తీసుకుపోయారు. తిరిగొచ్చేసరికి ఆడవాళ్లు వాకిట్లో ఎదురుచూస్తున్నారు. చెప్పావా అని అడిగింది మల్లవ్వ.

"చెప్పలే. పిల్ల పాణం బాగలేదని మనల ఒక్కదానికన్న తెలుసా? ఒక్కదాన్ని బయటికి నూకి, మిగిలినోళ్లం ఒక్కటంటే గదేం కట్టు?"

 మల్లవ్వ కొంగు దులుపుకుని వెళ్లిపోయింది. ఆమె వెనక ఇంకొందరు కదిలారు. నాలుగు రోజుల్లో సగంమంది కార్ఖానా దారి పట్టారు. టేకేదారు తీసిపారేయడం కొంచెం తగ్గించాడు, మానలేదు.

పిల్ల కోలుకుంది. మల్లవ్వ ఇప్పటికీ జరీనాబీతో మాట్లాడదు. రాజవ్వ మాత్రం రోజూ చాట పట్టుకొచ్చి ఆమె పక్కన కూర్చుంటుంది. జరీనాబీకి మాట్లాడే ఓపిక ఉండదు. రాజవ్వ మాట్లాడమని అడగదు.