ఏడో జెండా

పోస్ట్‌కి చేరేసరికి ఉదయం పదకొండు దాటింది. కింది క్యాంపు నుంచి నాలుగింటికి బయలుదేరాం. ఏడు గంటల నడక. వీపు మీద ఇరవై కిలోల మూట, నడుముకి తాడు, చేతిలో మంచు గొడ్డలి. పది అడుగులు వేస్తే ఆగి ఊపిరి తీసుకోవాలి. పైన రెండు ఫైబర్ గుడిసెలు, ఒక బంకర్, ఎనిమిది మంది మనుషులు, అన్నిటి మీదా కిరోసిన్ మసి. సుబేదార్ సాబ్ నా మొహం చూడలేదు. బూట్లు చూశారు.

"తడిశాయా?"

"లేదు సాబ్."

"తడిస్తే చెప్పు. దాచావంటే వేళ్ళు పోతాయి."

స్వాగతం అంతే. అది 2003. లడాఖ్ ఉత్తరాన మంచు మీద మూడు నెలల డ్యూటీ. నాకు ఇరవై నాలుగేళ్ళు. నా మూటలో ఉండకూడని వస్తువు ఒకటి ఉంది. సెకండ్ హ్యాండ్ ఫిల్మ్ కెమెరా.

సైన్యంలో చేరకముందు రెండేళ్ళు అనకాపల్లిలో ఒక స్టూడియోలో పని చేశాను. మాది తుమ్మపాల. సైకిల్ మీద వెళ్ళి వచ్చేవాడిని. మా ఓనరుకు తెలిసిన విద్యంతా ఒక్క ముక్క. మనిషి ఎటు వెళ్తుంటే అటు ఖాళీ వదలాలి. ఆ ఖాళీయే చూసేవాడికి దిశ చెబుతుంది. పెళ్ళి ఆల్బంలో పెళ్ళికూతురి మొహం ఎప్పుడూ పుస్తకం మడత వైపే ఉండాలి. బయటి అంచు వైపు ఉంటే, "పిల్ల పీటల మీంచి లెగిసి పారిపోతన్నట్టుందిరా, తిప్పీ" అనేవాడు. మేము నెగటివ్ తిరగేసి ప్రింటు వేసేవాళ్ళం. పైట అవతలి భుజం మీదికి వెళ్ళిపోయేది. ముసలమ్మలు తప్ప ఎవరూ పట్టుకునేవారు కారు. ఈ మాయనే నేను కళ అనుకున్నాను. పంతొమ్మిది వేల అడుగుల ఎత్తుకు దాన్నే మోసుకెళ్ళాను.

అక్కడ దారి అంటూ కంటికి కనిపించేది ఏమీ ఉండదు. మంచు కింద పగుళ్ళు ఉంటాయి. కొన్నిటికి అడుగు కనిపించదు. పైన పలచని పొర కప్పి ఉంటుంది కాబట్టి పగులు ఉందని కూడా తెలియదు. అందుకని వెదురు కర్రలకు ఎర్ర గుడ్డ కట్టి, ముప్పై అడుగులకు ఒకటి చొప్పున పాతేవాళ్ళం. పోస్ట్ దగ్గర ఒకటో నంబరు. జెండా నుంచి జెండాకి తిన్నగా నడవాలి. మనం నమ్మాల్సింది ఆ గుడ్డనే. పోస్ట్ నుంచి దిగేటప్పుడు ఏడో జెండా దగ్గర దారి కుడికి తిరుగుతుంది. ఆ మూల లోపల ఒక పెద్ద పగులు. దాన్ని చుట్టి వెళ్ళడానికే ఆ మలుపు.

మంచు కురిసిన ప్రతిసారీ జెండాలు పూడిపోయేవి. మొదటి పది జెండాలను తవ్వి నిలబెట్టడం నా పని. పోస్ట్‌కి కనిపించే దూరమే కాబట్టి ఒక్కడినే పంపేవారు.

తాడు కట్టుకుని నడిచే వరసలో మొదటివాడిని ముందుమనిషి అనేవాళ్ళం. మా ముందుమనిషిది బుచ్చయ్యపేట. ఆ ఎత్తులో నా భాష మాట్లాడేవాడు అతనొక్కడే. వావి లేకపోయినా బావ అని పిలుచుకునేవాళ్ళం. కర్రతో మంచును పొడిచి, ఆ చప్పుడు విని, అడుగు వేయొచ్చో లేదో చెప్పేవాడు. మంచు మీదికి మళ్ళీ మళ్ళీ వచ్చిన రెండేళ్ళలో ఒక్క మనిషిని కూడా తప్పు దారిన తీసుకెళ్ళలేదు. ఈ వాక్యం గుర్తుంచుకోండి. నేను ఇదంతా రాస్తున్నది దీని కోసమే.

రెండో నెలలో పై నుంచి ఆర్డర్ వచ్చింది. క్యాలెండర్‌కి ఫొటోలు కావాలట. దాచుకున్న కెమెరా ఒక్కసారిగా గౌరవనీయమైంది. సుబేదార్ సాబ్ నవ్వారు కూడా.

ఆ రోజు మధ్యాహ్నం ఒంటి గంట. ఆకాశం నీలం. మైనస్ పద్దెనిమిది. ఏడో జెండా దగ్గర మంచు తవ్వుతున్నాను. ఎనిమిదో జెండా వైపు నుంచి ముందుమనిషి ఎక్కి వస్తున్నాడు. తాడు మీద వెనక ఇద్దరు ఇంకా దిబ్బ అవతలే ఉన్నారు. తెల్లటి వాలు మీద ఒంటరి మనిషి. మూల లోపలికి పన్నెండు అడుగులు నడిచి, పగులుకు ఇవతల గట్టి మంచు మీద మోకాళ్ళ మీద కూర్చున్నాను. కెమెరాలోంచి చూశాను. అతని ముందున్న ఖాళీలో, సరిగ్గా మొహానికి ఎదురుగా, ఏడో జెండా. అది ఉంటే మనిషి ఒక కర్ర దగ్గరికి వస్తున్నట్టు ఉంటుంది. లేకపోతే దేనికీ భయపడకుండా ముందుకు పోతున్నట్టు ఉంటుంది.

లేచి వెళ్ళి జెండా పీకాను. తెచ్చి నా పక్కన పడేసుకున్నాను. తవ్వి పాతే పని నాదే కాబట్టి, చూసినవాడికి అందులో వింత లేదు.

"ఏటి బావా, ఇక్కడ కూడా పెళ్ళి ఫొటోలేనా?" అని అరిచాడు.

"నాకేసి సూడకు. ముందుకి సూసి నడు."

"ముందర ఏటుంది సూడ్డానికి? మంచే కదా!"

"ఆ మంచే కావాలి నాకు."

"గాలి సాలక నీకు పిచ్చెక్కింది."

మూడు ఫొటోలు తీశాను. పాత అడుగుల జాడ స్పష్టంగా ఉంది కాబట్టి వాళ్ళు ముగ్గురూ మలుపు తిరిగి పైకి వెళ్ళిపోయారు. అప్పుడే వైర్‌లెస్ సెట్ మోగింది.

"జెండా డ్యూటీ, పోస్ట్ మాట్లాడుతోంది. పడమట మబ్బు. పది నిమిషాల్లో లోపల ఉండాలి. ఓవర్."

"వస్తున్నా. ఓవర్."

జెండా తీసుకుని, నేను నిలబడ్డ చోటే పాతాను. దాని అసలు చోటు పన్నెండు అడుగుల దూరంలో ఉంది. వెళ్ళి రావడానికి ఒక్క నిమిషం. రేపు సరిచేద్దాం అనుకున్నాను. ఫిల్మ్ చలికి విరిగిపోకముందే కెమెరాను చొక్కా లోపల పెట్టుకోవాలన్న ఆత్రం నాది. నా బద్ధకానికి ఇంతకంటే మంచి పేరు పెట్టలేను.

రాత్రంతా మంచు కురిసింది. అడుగుల జాడలన్నీ పోయాయి. పొద్దున్న ఆరున్నరకు ముందుమనిషి మరో ఇద్దరితో కిందికి బయలుదేరాడు. నేను స్లీపింగ్ బ్యాగ్‌లో ఉన్నాను. బయట అంతా తెలుపు. జెండా గుడ్డ ఒక క్షణం కనిపించి మాయమయ్యేంత గాలి. ఏడు గంటల ఐదు నిమిషాలకు సెట్ పలికింది.

"పోస్ట్, పోస్ట్. ముందుమనిషి పడిపోయాడు. ఏడుకీ ఎనిమిదికీ మధ్య. తాడు పట్టుకుని ఉన్నాం. త్వరగా. ఓవర్."

అందరికంటే ముందు పరిగెత్తింది నేనే. దీనికి నాకు మెప్పు కూడా వచ్చింది. ఎందుకు ముందు పరిగెత్తానో ఇప్పుడు చెబుతున్నాను. ఏడో జెండా దగ్గర ఆగాను. కొన్ని అడుగుల అవతల తాడు బిగించి బోర్లా పడుకున్న ఇద్దరికీ ఆ తెలుపులో నేను కనిపించలేదు. కర్ర పీకాను. పన్నెండు అడుగులు వెళ్ళి, దాని అసలు చోట పాతాను. బూటుతో తొక్కి గట్టి చేశాను. ఒక మనిషి తాడుకు వేలాడుతుంటే నేను ముందు చేసిన పని అది. వెనక వచ్చేవాళ్ళు పడకుండా ఉండాలి కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. అలాంటి కారణాలు సమయానికి భలే దొరుకుతాయి.

తర్వాతే పగులు అంచుకు పాకి, లోపలికి అరిచాను.

"బావా!"

"ఉన్నాను. కాలు ఇరుక్కుపోయింది." మళ్ళీ గొంతు వచ్చింది. "తిన్నగానే వచ్చేను బావా. జెండా కాడి నుంచి తిన్నగానే వచ్చేను."

పైకి లాగడానికి గంటా నలభై నిమిషాలు పట్టింది. హెలికాప్టర్ మరునాటికి గానీ రాలేదు. కుడి పాదం తీసేశారు.

విచారణకు ఒక అధికారి వచ్చారు. టేపుతో కొలిచారు. జెండా రిజిస్టర్‌లో ఉన్న చోటే ఉంది. నన్ను అడిగారు. "జెండా ఇక్కడే ఉంది సాబ్" అన్నాను. ముందుమనిషి అజాగ్రత్త వల్ల దారి తప్పాడని రాసి సంతకం పెట్టారు. రెండేళ్ళు అందరినీ క్షేమంగా నడిపించినవాడు ఆ ఒక్క సంతకంతో దారి తప్పినవాడయ్యాడు. ఆ మాట అతని కంటే ముందే బుచ్చయ్యపేట చేరింది.

నా ఫొటో క్యాలెండర్ ఎక్కింది. ఇప్పుడు దాన్ని నిలువెత్తు చేసి అనకాపల్లిలో ఒక హాల్లో పెట్టారు. ఫొటోలంటే మోజున్న పెద్దమనుషులు ఏటా నన్ను పిలిచి, శాలువా కప్పి, ఫొటోలో దిశను ఎలా చూపించాలో మాట్లాడమంటారు. ఒకాయన ఆ ఖాళీలో తనకు దేశం కనిపిస్తోందన్నాడు. ఇంకొకాయన ధైర్యానికి రూపం అంటే ఇదేనన్నాడు. నేను మైకు పట్టుకుని సిగ్గు లేకుండా థ్యాంక్స్ చెప్పాను. అయ్యా, ఒక్కరైనా దగ్గరికి వెళ్ళి చూశారా? మనిషి వెనక ఎనిమిదో జెండా ఉంది. ముందు అడుగుల జాడ ఒక చోట పక్కకు తిరుగుతుంది. ఆ మలుపులో చిటికెనవేలి గోరంత నల్లటి చుక్క ఉంటుంది. అది కర్ర పీకిన గుంట. అక్కడ జెండా ఎందుకు లేదని ఇన్నేళ్ళలో ఒక్కరూ అడగలేదు. మీరు మెచ్చుకుంటున్నది ఆ జెండా లేకపోవడాన్నే. మీ మెప్పు మీద నాకు గౌరవం లేదు. దాన్ని ఇన్నేళ్ళు తీసుకున్న నా మీద అంతకన్నా లేదు.

ఆ రోజు ముందుమనిషి దారి తప్పలేదు. జెండా చెప్పిన దారినే నడిచాడు. ఆ జెండాను జరిపింది నేను. తిరిగి జరిపి, సాక్ష్యం చెరిపింది నేను. ఇదే మాట సంతకం పెట్టి సైన్యం రికార్డు ఆఫీసుకు పంపాను. ఒక కాపీ అతనికి పంపాను. జవాబు రాలేదు. రావాలని అడిగే హక్కు నాకు లేదు.

ఇక మిగిలింది నా తిరుగు ప్రయాణం. ఆ ఏడాదే, డ్యూటీ ముగిసి సెలవు మీద వచ్చాక, ఐదో రోజున బుచ్చయ్యపేట వెళ్ళాను. అతను నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. పంచె కింద ఒక పాదమే కనిపిస్తోంది. నన్ను చూసి సంతోషపడ్డాడు. భార్యను కేకేసి టీ పెట్టమన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"బావా, ఊరంతా నేను దారి తప్పేనంటన్నారు. నువ్వే కదా ముందు వచ్చినోడివి. ఓపాలి సూడు."

అగ్గిపెట్టె తెరిచి, దుప్పటి మీద అగ్గిపుల్లలు పేర్చడం మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. ఆరు దాకా తిన్నగా వచ్చాయి. ఏడోదాన్ని కుడివైపుకి, లోపలికి పెట్టాడు. చేయి తడబడలేదు. సరిగ్గా నేను పాతిన చోటే. దాని అవతల ఎనిమిదోది పెట్టి, మళ్ళీ ఏడోదాని మీద వేలు ఉంచాడు.

"ఇక్కడుంది. రోజూ కన్నా కుడి పక్కకి కనపడింది. గాలికి ఒరిగిందేమో అనుకున్నాను. అయినా జెండా సెప్పింది కదాని నడిచేను. నువ్వు సూసినప్పుడు ఎక్కడుంది?"

"ఉండాల్సిన కాడే ఉంది బావా," అన్నాను. "నేను సూసేను."

అతను నా మొహంలోకి చూశాడు. అనుమానంగా చూడలేదు. నన్ను అనుమానించాలని అతనికి తోచలేదు.

"నువ్వు సూసేవంటే ఉన్నట్టే," అన్నాడు. "అయితే నా కళ్ళే తప్పు."

ముందుకు వంగి, ఏడో అగ్గిపుల్లను వేలితో ఎడమకు నెట్టాడు. ఎనిమిదోదాని వంక ఒకసారి చూసుకుని, ఇంకొంచెం నెట్టాడు.

"ఇక్కడేనా బావా?"

"ఆఁ," అన్నాను. "అక్కడే."