స్టీరింగు గేరు, నా కుడిచేయి

మొన్న మనవరాలు కొత్త కారులో నన్ను ఆదోని బజారంతా తిప్పింది. ఆమె ఎడమకాలు ఊరికే పడి ఉంది, ఎడమచేయి ఒడిలో ఉంది. "గేర్లు ఎవరు మారుస్తారే?" అంటే, "కారే మార్చుకుంటాదవ్వా, ఆటోమేటిక్" అంది. మంచి కాలూ చేయీ అట్లా ఖాళీగా పడి ఉండడం నాకు దండగ అనిపించింది.

పత్తి సీజన్లో ఒక సేటును రోజూ ఎమ్మిగనూరుకు తిప్పే టాక్సీ మా ఆయనది. ఆ పాత కారుకు గేరు రాడ్డు స్టీరింగు కిందే, ఎడమపక్కన ఉండేది. ముందు సీటు బెంచీలా ఒకటే, ముగ్గురు పట్టేవాళ్లు. ఒక పొద్దున కారు ముందు హ్యాండిలు దూర్చి తిప్పి స్టార్టు చేస్తుంటే అది వెనక్కి తన్ని ఆయన ఎడమచేయి విరిగింది. మర్నాడు కూడా బండి రాకపోతే సేటు ఇంకో టాక్సీ చూసుకుంటాడు. పోయిన గిరాకీ మళ్లీ రాదు. డ్రైవరును పెడదామన్నాడు మా ఆయన. ఇంట్లో నా రెండు చేతులుండగా బయటి చేతిని అద్దెకు తెచ్చుకోవడమేమిటి? ఆ సాయంత్రమే మార్కెట్ యార్డు వెనక జాగాలో నేర్చుకున్నాను. ఆయన క్లచ్చి తొక్కి నంబరు చెప్తే నేను రాడ్డు లాగాలి. నేను చదివింది రెండో తరగతే; నాలుగు గేర్లకు ఆ చదువు చాలింది.

పొద్దున సేటు నన్ను చూసి డోరు దగ్గరే ఆగిపోయాడు. "ఇదేం సర్కసప్పా? ఆయమ్మ యాడికొస్తాంది?"

"గేర్లేసేకి" అన్నాడు మా ఆయన తల వంచుకుని.

"సేటూ, ఎమ్మిగనూరికి పోవల్లనా, ఈడనే నిలబడి మాట్లాడల్లనా?" అన్నాను. ఎక్కాడు.

వంక దాటి ఎత్తు ఎక్కుతుంటే పత్తి బస్తాల ఎద్దులబండి ముందర ఆగిపోయింది. మా ఆయన కంగారులో క్లచ్చి తొక్కి "మూడు! మూడు!" అని అరిచాడు. ఆ ఎత్తులో మూడు వేస్తే ఇంజను ఆగిపోతుంది. ఒకటి వేశాను. కారు ఎద్దులబండి పక్కనుంచి మెల్లగా ఎక్కింది.

"మూడంటి గదా?"

"అంటివి. ముందర సూసి తొక్కు."

సేటు నవ్వు ఆపుకోలేక దగ్గాడు. ఎమ్మిగనూరులో దిగి, "రేపూ ఆరింటికి రాండి, ఇద్దరూ" అన్నాడు.

సీజనంతా అట్లాగే నడిచింది. బస్టాండులో తోటి డ్రైవర్లు "ఏమన్నా, స్టీరింగు నీది, పెత్తనం వదినదా?" అని ఏడిపించేవాళ్లు. కొన్నాళ్లకు ఆయన నంబర్లు చెప్పడమే మానేశాడు. ఆయన మోకాలు కదిలితే నా చేయి కదిలేది.

తర్వాత కొన్న కారుకు గేరు కిందినుంచి, రెండు సీట్ల నడుమ లేచింది. సరిగ్గా నేను కూర్చునే చోట. అప్పటికే ఆయన చేయి నయమై, పప్పులో ఉప్పు దగ్గర్నుంచి అన్నిటికీ మా పేచీలు మళ్లీ మొదలయ్యాయి. కలిసి గడిపిన కాలం చాలానే ఉంది. మాట అవసరం పడని కాలం మాత్రం ఆ ఒక్క పత్తి సీజనే.