సంతకం పెట్టమన్న బాబాయి

మా బాబాయి జైల్లో గుమాస్తా. ఖైదీల ఫిర్యాదుల పెట్టె తాళంచెవి ఇరవై రెండేళ్లు ఆయన జేబులోనే ఉంది. అంత అధికారం వెలగబెట్టినవాడు ఇంట్లో బీరువా తాళం ఎక్కడుందో రోజూ పిన్నిని అడిగేవాడు. వాళ్లింట్లోనే పెరిగాను కాబట్టి నాకు తెలుసు.

సోమవారం పెట్టె తెరిచి, కాగితాలు రిజిస్టరులో ఎక్కించి, సూపరింటెండెంటుకు పంపడం ఆయన పని. సంతకం లేనిది ఎక్కించకూడదని రూలు. బాబాయికి రూలంటే ప్రాణం. నాకు మాత్రం ఆ రూలు పేరెత్తితే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఒక సోమవారం సంతకం లేని కాగితం వచ్చింది. ఓ ముసలి ఖైదీని హెడ్ వార్డర్ చెంపల మీద కొట్టి కొట్టి చెవుడు తెప్పించాడని అందులో ఉంది. ఆ గుండ్రటి అక్షరాలు ఎవరివో బాబాయి ఇట్టే పోల్చుకున్నాడు. లోపల అందరికీ క్షవరం చేసే ఖైదీవి. అతన్ని అంతా కత్తెర అనేవాళ్లు. ఆ కాగితం చింపేస్తే గొడవే లేకపోయేది. కానీ బాబాయి మంచివాడు కదా, ఊరుకోలేకపోయాడు. క్షవరానికి కూర్చుని మెల్లగా కదిపాడు.

"సంతకం పెట్టరా. పెడితేనే విచారణ."

"పెడితే నన్ను బతకనిస్తారా సార్?"

"నేను లేనూ? నా మీద నమ్మకం లేదా?"

కత్తెర సంతకం పెట్టాడు. కింద గీత కూడా గీశాడు.

కాగితం పైకి వెళ్లింది. సూపరింటెండెంటు దాని మీద ఒక్క ముక్క రాశాడు: 'హెడ్ వార్డర్ సంజాయిషీ నిమిత్తం.' ఎవరి మీద ఫిర్యాదో వాడి చేతికే కాగితం! ఆ పద్ధతి బాబాయికి తెలియనిదా? ఎన్ని కాగితాలు అలా వెళ్లడం చూడలేదు? ఈసారి మాత్రం వేరుగా జరుగుతుందని ఎందుకు అనుకున్నాడో నాకు అంతుపట్టదు. తీసుకెళ్లి ఇచ్చింది కూడా ఆయనే.

ఆ వారమంతా కత్తెర కనబడలేదు. మెట్ల మీద జారిపడ్డాడని, జైలు ఆస్పత్రిలో ఉన్నాడని అన్నారు. సోమవారం పెట్టెలో ఒకటే కాగితం, టైపు చేసినది. 'నాకు ఎవరిమీదా ఫిర్యాదు లేదు. మొన్నటిది కోపంలో రాశాను.' కింద కత్తెర పేరు, పక్కన వేలిముద్ర.

వేలిముద్ర ఉంటే రూలు ఒప్పుకుంటుంది. బాబాయి రిజిస్టరులో ఎక్కించాడు.

ఆ సాయంత్రం అన్నం తిన్నాక ఎంగిలి చెయ్యి కడుక్కోకుండా కంచం ముందే కూర్చుండిపోయాడు. పిన్ని ఏమైందని అడిగింది.

"వాడికి రాయడం వచ్చునే," అన్నాడు. "సంతకం పెట్టమన్నది నేనేనే."