మద్దిచెట్టుకి ఆనించిన సైకిలు

అభయారణ్యంలో కొండ కంకర రోడ్డు మీద సైకిలు తొక్కాలని మోజు. గోకవరంలో సైకిలును బస్సు టాపు మీద కట్టించి ఎక్కాను. పక్కనున్న పెద్దావిడ ఒళ్లో తువ్వాలు చుట్టిన గాలి పంపు ఉంది.

"ఒక్కరే వెళ్తారా బాబూ?" అంది.

"అవునండి."

"మా ఆయనా ఒక్కరే వెళ్లారండి. కల్వర్టు దాటాక మద్దిచెట్టుకి సైకిలు ఆనించి ఉంది, ఆయనే కనబళ్లేదు. దాన్ని కదపకండేం."

"ఇంటికి తెచ్చుకోలేదేంటండి?"

"మనిషి రాకుండా బండి రాకూడదు బాబూ. ఆయన దేని మీదొస్తారు మరి? వారవారం వెళ్లి గాలి కొట్టేదాన్ని. వానలప్పుడు పంపు పాడైంది, ఇన్నాళ్లకి బాగుచేయించాను."

బస్సు దిగి నేను తొక్కుకుంటూ ముందు వెళ్లాను. మద్దిచెట్టు కింద సైకిలు అలాగే ఉంది. సీటు మీద నాచు, చువ్వలకు తీగలు. ఎందుకో వంగి టైరు నొక్కాను. రాయిలా గట్టిగా ఉంది. రెండోదీ అంతే.

వెంటనే వెనక్కి తిరిగాను. కల్వర్టు దగ్గర ఆవిడ నడిచి వస్తూ ఎదురైంది. చూసింది చెప్పాను. ఆవిడ పంపు నా చేతిలో పెట్టి, కొంగు సర్దుకుని, గబగబా పైకి వెళ్లిపోయింది.

చీకటి పడేదాకా అక్కడే నిలబడ్డాను. ఆ పంపు ఇంకా నా దగ్గరే ఉంది.