బంద్ రోజున సెల్ఫ్ తీసుకోని బండి

ఈ సంగతి రాసి పెట్టకపోతే రెండు అబద్ధాలు మిగిలిపోతాయి. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం రోజుల్లో గడ్డి కోసే బండిని నేనే కావాలని పాడుచేశానన్నది ఒకటి. దాని మీద చనిపోయిన డ్రైవరు దయ్యమై కూర్చున్నాడన్నది రెండోది. నన్ను ఎవరేమన్నా పడతాను. కానీ ఆయన కూతురు ఇప్పుడు ఆ బండి ఉన్న చోటికి పక్క ఆఫీసులోనే పనిచేస్తోంది. తండ్రిని దయ్యమనడం ఆమె వినకూడదు.

అప్పట్లో నేను హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసు తోటలో పనివాణ్ని. చిన్న ట్రాక్టరులా ఎక్కి కూర్చుని నడిపే బండితో అక్కడి గడ్డి కోసేవాళ్లం. నాకు ముందు దాన్ని నడిపినాయన ఒక మధ్యాహ్నం అన్నం తిని వచ్చి, సీటులో కూర్చుని, కూర్చున్నట్టే వాలిపోయాడు. గుండె ఆగిందని దవాఖానలో చెప్పారు. వారం తిరక్కముందే తాళంచెవి నా చేతికి వచ్చింది.

ఆయన భారీ మనిషి. నల్ల రెక్సిన్ సీటులో ఆయన కూర్చున్న గుంట అలాగే ఉంది. తోటలో కలుపు తీసే ఖాజాగూడ అక్క మొదటి రోజే హెచ్చరించింది.

"తమ్మీ, పదకొండు దినాలు గూడ కాలే. ఆయన జాగల నిండుగ కూసోకు. జర ముందుకు జరుగు."

నేను సీటు అంచుకు జరిగాను. పదకొండు రోజులు దాటాక కూడా వెనక్కి జరగడానికి మనసు ఒప్పలేదు.

బండి మొండికేయడం అప్పుడే మొదలైంది. తాళం తిప్పితే ఒకరోజు సెల్ఫ్ తిరిగేది, ఒకరోజు చిన్న చప్పుడైనా ఉండేది కాదు. బంద్ పిలుపు ఉన్న రోజుల్లోనే ఎక్కువగా మొరాయించేది. ఆ రోజుల్లో ఆఫీసు ఖాళీ, రోడ్డు ఖాళీ. ఎదుటి అద్దాల గోడలో నేనూ, బండీ, నా వెనక సీటులో మిగిలిన జాగా కనిపించేవి. అటు చూడకుండా తాళం తిప్పేవాణ్ని.

మా సూపర్‌వైజరు గోదావరి వైపు మనిషి. "ఏవయ్యా, బంద్ అంటే నీ బండికి కూడా బందేనా? ఓ జెండా కూడా కట్టెయ్!" అంటే అందరం నవ్వాం. మూడోసారి ఆయన నవ్వలేదు.

"సోమవారానికల్లా ఇది తిరగకపోతే నిన్ను పనిలోంచి తీసేయమని ఏజెన్సీకి చెప్పేస్తాను. ఉద్యమాలు బయట చేసుకోండి."

"సార్, నేనేం చేయలే. ఒట్టు."

"మరి మామూలు రోజుల్లో ఎలా తిరుగుతోంది?"

ఆ సాయంత్రం పని దిగి నేరుగా గ్రంథాలయానికి పోయాను.

పదో తరగతి తప్పాను గానీ, బోరబండ గ్రంథాలయంలో నేను చేయి పెట్టని అర లేదు. అక్కడ అందరూ దినపత్రికల బల్ల దగ్గర రాష్ట్రం వస్తుందా రాదా అని వాదించుకుంటుంటే, నేను మోటారు మరమ్మతుల పుస్తకం ముందేసుకుని కాగితం మీద వరస రాసుకున్నాను. ఆ వరస ప్రకారం బ్యాటరీ మీద పేరుకున్న తెల్లపొడి ఉప్పుకాగితంతో గీకాను. ఫ్యూజు మార్చాను. ఎలక్ట్రీషియన్ వచ్చి మీటరు పెట్టి చూశాడు.

"కరెంటు మంచిగనే ఉంది భాయ్. గాలి సోకింది నీకు, బండికి కాదు."

స్టోర్ రూములో ఆ బండి తాలూకు ఇంగ్లిషు పుస్తకం దొరికింది. ఆదివారమంతా నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. సీటు కింద ఒక స్విచ్ ఉంటుందట. మనిషి బరువు దాని మీద పడితేనే సెల్ఫ్‌కు కరెంటు అందుతుందట.

సోమవారం కూడా బంద్. బోరబండ నుంచి నడిచి వెళ్లాను. సీటు నడిమి గుంటలో రెండు చేతులూ పెట్టి అదిమితే కింద టక్కుమంది. ముందు అంచు అదిమాను. ఏమీ లేదు. అంచున కూర్చుని, స్టార్టు చేయడానికి బ్రేకు తొక్కినప్పుడు నా బరువంతా కాలి మీదకే పోతోంది. జనం తిరిగే రోజుల్లో భయం మరిచి, నాకే తెలియకుండా వెనక్కి జరిగేవాణ్ని. ఖాళీ రోజుల్లో ఆయనకు జాగా వదిలేవాణ్ని. ఇన్నాళ్లూ బండిని ఆపింది నా భయమే.

తెలిశాక కూడా వెంటనే ఎక్కలేకపోయాను. సూపర్‌వైజరు మెట్ల మీద చేతులు కట్టుకుని చూస్తున్నాడు.

"అన్నా, కూసుంటున్న. ఏమనుకోకు" అని పైకే అన్నాను. ఆ గుంటలో నిండుగా కూర్చున్నాను. వెచ్చగా తగిలింది. ఎండకు కాగిన రెక్సిన్ అని తెలుసు. తెలిసినా వీపు మీద చెమట చల్లగా దిగింది. తాళం తిప్పాను. ఒక్క తిప్పుకే ఇంజను అందుకుంది.

"ఏం చేశావయ్యా?"

"సీటు కింద స్విచ్ సార్. సాఫ్ చేసిన."

పిరికివాడంటారని నిజం దాచాను. ఉద్యోగం నిలిచింది. నేనే పాడుచేశాననీ, పాత డ్రైవరు దయ్యమై కూర్చున్నాడనీ తోటలో పుట్టిన పుకారూ నిలిచింది. దాన్ని ఆపగలిగినవాణ్ని నేనొక్కణ్నే, ఆపలేదు. నాలుగేళ్లు ఆ బండి నడిపాను. ఆ అన్నను అడగకుండా ఒక్కరోజూ ఎక్కలేదు.

పేర్లు రాయకూడదనుకున్నాను కాబట్టి మనుషులను వాళ్ల పనులతోనే తలుచుకుంటాను. నిఘంటువు ఇంటికి తీసుకుపోనిచ్చిన గ్రంథాలయం సారుకు, మీటరుతో వచ్చి డబ్బులు వద్దన్న ఎలక్ట్రీషియన్‌కు, నా మేలు కోరే ఆ మాట చెప్పిన ఖాజాగూడ అక్కకు, మళ్లీ ఏమీ అడగని సూపర్‌వైజరుకు నమస్కారాలు. సీటు ఇచ్చిన పెద్దాయనకు కూడా. ఆయన కూతురికి మాత్రం నమస్కారం చాలదు. ఈ కాగితాలు ఆమెకే ఇస్తాను.